నికోటిన్‌కు మత్తు ఎందుకు తక్కువ?

రాజమండ్రిలో 1947లోనే కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలసిన ప్రాంతం మాది. గోదావరి లంకల్లో చుట్ట నోట్లో ఉండగానే పంట లెక్కలు తడుముకోకుండా చెప్పే పెద్దలను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. దానిని అలవాటు అంటారే తప్ప మత్తు అని ఎవరూ అనరు. కొకైన్, మెథాంఫెటమిన్ వంటి ఘాటైన ఉత్తేజకాల మాదిరిగానే నికోటిన్ కూడా మెదడులో హుషారును, ఆనందాన్ని కలిగించడంలో పాత్ర ఉన్న డోపమిన్ అనే రసాయనాన్ని పెంచుతుంది. అయినా ఇంత తేడా ఎందుకన్నది ఆలోచించదగిన విషయం.

పెంచే పద్ధతిలోనే తేడా ఉంది. ఎసిటైల్‌కోలిన్ అనే సహజ రసాయనం సందేశాన్ని అందుకోవడానికి కణాల మీద ఉన్న గ్రాహకాలను ఆక్రమించి, నికోటిన్ డోపమిన్ కణాలను మరింత చురుకుగా పనిచేయిస్తుంది. విడుదల మాత్రం కణం తన సహజ మార్గంలోనే చేస్తుంది. మా డెల్టా మాటల్లో చెప్పాలంటే, ఇది కాలువ నీటిని చూసుకునే లస్కరుకు కబురు పెట్టి లాకు తలుపు మరికాస్త ఎత్తించడం. నీరు ఎక్కువైతే దించే అధికారం ఇంకా అతనిదే. విడుదలైన డోపమిన్‌ను తిరిగి లోపలికి చేర్చే రవాణా ప్రోటీన్‌ను కొకైన్ అడ్డుకుంటుంది, అంటే మురుగు కాలువను పూడ్చేస్తుంది. మెథాంఫెటమిన్ అయితే కణంలోకే చొరబడి, సంచుల్లో నిల్వ ఉన్న డోపమిన్‌ను బయటికి తోసి, అదే ప్రోటీన్ ద్వారా ఎదురుదారిన పంపించివేస్తుంది. ఇది గట్టుకు గండి కొట్టడమే. లస్కరుతో ఇక పని లేదు.

పైగా నికోటిన్ తగిలిన కొద్దిసేపటికే ఆ గ్రాహకాలు మొద్దుబారతాయి. రాత్రంతా విరామం దొరికాక కాల్చే మొదటి సిగరెట్‌లో ఉన్న హుషారు, వెంటనే వెలిగించిన రెండోదానిలో ఉండకపోవడానికి ఇదొక కారణం. మోతాదు మరీ పెరిగితే కలిగేది ఆనందం కాదు, వికారం, చెమటలు, వాంతులు. తడి పొగాకు ఆకులు కోసే కూలీలకు చర్మం గుండా నికోటిన్ ఎక్కితే ఇవే బాధలు.

ఇంతమాత్రాన దాని పట్టు సడలినదని భావించరాదు. సిగరెట్ పొగలోని నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది, రక్తంలో సుమారు 2 గంటలకు సగానికి తగ్గుతుంది. మెథాంఫెటమిన్‌కు అదే దాదాపు 10 గంటలు పడుతుంది. అందుకే నికోటిన్‌ను రోజంతా మళ్లీ మళ్లీ వెతుక్కోవలసి వస్తుంది. డోపమిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును పొగలోని ఇతర పదార్థాలు అణచివేస్తాయి కనుక, పొగతాగేవారికి కలిగే ఫలితమంతా నికోటిన్ ఒక్కదానిదే అనలేము.

చుట్టకు మరొక ప్రత్యేకత ఉంది. దాని పొగకు క్షారగుణం ఎక్కువ కాబట్టి, ఊపిరితిత్తుల్లోకి పీల్చకపోయినా నోటి పొరల గుండానే నికోటిన్ నెమ్మదిగా రక్తంలో కలుస్తుంది. చుట్ట కాల్చేవాడు పొగ మింగడు కాబట్టి అతనికి ఏమీ ఎక్కదనే వాదన నిలవదు.