"మందు మానితే మావాడు బంగారం"

డీఅడిక్షన్ వార్డులో ఇంటివాళ్లు తరచూ చెప్పే మాట ఇది. సమస్య తాగుడుదేనా, లేక యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ (ఇతరుల హక్కుల్ని, నియమాల్ని లెక్కచేయని స్వభావం) కూడా ఉందా అని తేల్చేది తాగుడు లెక్క కాదు, 15 ఏళ్ల లోపు సంగతులు. బడి ఎగ్గొట్టడం, ఇంట్లోంచి పారిపోవడం, దొంగతనాలు, మూగజీవాల్ని హింసించడం... మొదటి చుక్క ముట్టకముందే ఉన్నాయా? ఏ తరగతిలో ఏం జరిగిందో రాసుకోవాలి. అతను చెప్పింది చాలదు, తల్లినో అక్కనో విడిగా కూర్చోబెట్టి అడగాలి.

మానసిక రుగ్మతల్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే అమెరికన్ పుస్తకం డీఎస్ఎం-5 ప్రకారం చిన్ననాటి ఆ ఆనవాళ్లు లేకపోయినా, 18 నిండకపోయినా యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ అని రాయకూడదు. పాతికేళ్లకు తాగుడు మొదలై, ఆ డబ్బుకోసమే చెల్లెలి గొలుసు అమ్మినవాడు వేరు. అతనికి ఈ ముద్ర వేస్తే, తర్వాత వచ్చే ప్రతి డాక్టరూ "వీడింతే" అని చేతులు దులుపుకుంటాడు. 1980లలో అమెరికాలో జరిగిన పెద్ద సర్వేలో ఈ డిజార్డర్ ఉన్నవాళ్లలో 80 శాతానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు మద్యానికో మత్తుకో లోబడినవాళ్లే. తిరగేసి చదివితే మాత్రం తప్పు: తాగుబోతుల్లో ఎక్కువమందికి ఈ డిజార్డర్ ఉండదు.

ముద్ర తొందరపాటు ప్రాణం మీదికి తెచ్చేది మందు ఆపిన మూడో రోజు. అరుపులు, తన్నులు చూసి "బుద్ధే అంత" అంటారు. ఆఖరి గ్లాసు తర్వాత 48 నుంచి 96 గంటల మధ్య చేతుల వణుకు, చెమటలు, ఎక్కడున్నాడో తెలియకపోవడం కలిసి కనిపిస్తే అది డెలీరియం, అంటే తాగుడు ఆగడం వల్ల మెదడు అదుపు తప్పిన స్థితి. వెంటనే ఆసుపత్రిలో చూడాలి. విత్‌డ్రాయల్‌కి, అంటే తాగుడు ఆపినప్పుడు వచ్చే ఈ బాధలకి, డయాజిపామ్ లాంటి నిద్రమాత్ర కావాలి, కానీ కొద్దిరోజుల్లో తగ్గించి ఆపేయాలి. స్ట్రిప్పు చేతికిస్తే రెండో వ్యసనం మొదలైనట్టే. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్లని కల్లు గురించి కూడా అడగండి. అందులో ఆల్ప్రాజోలం (డయాజిపామ్ జాతి మత్తుమందు) కలిసి ఉంటే ఈ లెక్క సరిపోదు, వారాల తరబడి మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు.

పర్సనాలిటీని మార్చే మాత్ర లేదు. వ్యసనానికి మాత్రం వైద్యం ఈ డిజార్డర్ ఉన్నవాడికీ పనిచేస్తుంది. నీతిబోధ కంటే చిన్న లాభం మేలు: యూరిన్ టెస్టులో మత్తు లేకపోతే ఆ రోజే ఏదో ఒకటి దక్కాలి, వచ్చే నెల అంటే పట్టదు.

తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్రని అతనికి తెలియకుండా కూరలో కలపొద్దు. ఆ సంగతి తెలియక మద్యం తాగితే బీపీ పడిపోయి చనిపోవచ్చు. అతనికి చెప్పి, ఒప్పించి, ఆఖరి గ్లాసు తర్వాత కనీసం 12 గంటలు గడిచాకే మొదలుపెట్టాలి. మాత్ర ఆపినా రెండు వారాల దాకా చుక్క ముట్టకూడదు. ఇంట్లో కొడుతుంటే అతను బాగుపడేదాకా ఆగక్కర్లేదు, 112కి ఫోన్ చేయండి. చికిత్స ఎక్కడ దొరుకుతుందో మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416లో చెబుతారు.