ఎన్‌క్లోజర్ లేని సఫారీ

మా పాపకు సఫారీ అంటే హైదరాబాద్ జూ బస్సే. జాలీ కిటికీలు, మొదటిది మూశాకే తెరిచే రెండో గేటు, లోపల కంచె వేసిన ఎన్‌క్లోజర్లో చెట్టుకింద సింహం గ్యారంటీ. ఈసారి మన్ననూరు దాటి నల్లమల అడవిలోని ఫరహాబాద్ తీసుకెళ్లాను. జీపెక్కగానే "పులిది ఏ ఎన్‌క్లోజర్ నాన్నా?" అంది. ఈ అమ్రాబాద్ పులుల రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు, అంతా దానిదేనమ్మా అన్నాను.

చెంచు గైడ్ నవ్వి, జీపు ఆపించి దుమ్ములో ఒక అడుగుజాడ చూపించారు. గోళ్ల గుర్తుల్లేవు. పులి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది, రేచుకుక్కదైతే గోళ్లు పడతాయన్నారు. పాప ఆ తర్వాత తలెత్తితే ఒట్టు!

దుప్పులు, నెమళ్లు కనిపించాయి. "ఇంత టికెట్‌కు దుప్పులేనా బావా?" అని మా బామ్మర్ది సణుగుడు. సింహమే కావాలంటే అతను జూకే పోవాలి. మీరు వెళ్తే పొద్దున ట్రిప్పే ఎక్కండి, ఎండెక్కితే దుప్పి కూడా బయటికి రాదు.