అతిమధురం పెంచిన బీపీ

చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఉద్యోగం చేస్తుండగా తీసిన ఎకో అనే గుండె స్కాన్‌లో నా గుండె ఎడమ జఠరిక గోడ మందం 13 మిల్లీమీటర్లని తేలింది. మగవాళ్లకు 10 దాటకూడదు. పంపింగు 62 శాతం, దానికి ఢోకా లేదు. మందమెక్కిన కండరం సరిగ్గా సడలక మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. ఏళ్లుగా వదిలేసిన బీపీ చేసిన పని అది. ఆ రోజు రీడింగు 168/104.

బీపీ మాత్రలు టెల్మిసార్టాన్ 80, ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు మొదలుపెట్టారు. తలతిరుగుడు, నిద్రలేమి కూడా ఉండటంతో అదే ఆసుపత్రిలోని చైనా సంప్రదాయ వైద్య విభాగానికి పంపారు. అక్కడ నాలుక చూసి, మూడు వేళ్లతో రెండు చేతుల నాడీ పట్టి, కాలేయంలోని యాంగ్, అంటే వాళ్ల లెక్కలో వేడిమి శక్తి, పైకి ఎగదన్నుతోందన్నారు. రాసింది తియెన్‌మా గౌటెంగ్ కషాయం.

ఇందులో పదకొండు సరుకులు. అన్నీ ఒకేసారి కుండలో పోస్తే సగం దండగే. ఆబలోన్ నత్తచిప్ప ముక్కలు 18 గ్రాములు ముందుగా అరగంట మరగాలి, లేకపోతే రాయిలాంటి ఆ చిప్పలోంచి ఏమీ దిగదు. మిగతావి చన్నీళ్లలో అరగంట నానాక అందులో పడతాయి. గౌటెంగ్ అంటే కొక్కేల్లా వంగిన ముళ్లున్న పుల్లలు, 12 గ్రాములు. ఇవి దించే ముందు ఐదు నిమిషాలే. ఎక్కువ మరిగితే బీపీ మీద పనిచేసే ఆల్కలాయిడ్లు చెడిపోతాయి. కుండ మట్టిదే, ఇనుము, అల్యూమినియం పనికిరావు. రెండోసారి కూడా మరిగించి, రెండు నీళ్లూ కలిపి పూటకు సగం. మాత్రలకూ దీనికీ గంట ఎడం.

నిద్ర కుదురుకుంది, బీపీ 130కి దిగింది. రెండో నెలలో గుండెదడ అంటే, ఇంటి దగ్గరి వైద్యుడొకరు గన్‌ట్సావ్ రోజుకు 10 గ్రాములు చేర్చారు. మూడు వారాల్లో 152/94, పిక్కలు పట్టేయడం, చీలమండల వాపు. వాపును ఆమ్లోడిపిన్ మీదికి తోసేయడం నా పొరపాటు. రక్తంలో పొటాషియం 3.0. టెల్మిసార్టాన్ వాడేవాళ్లకు అది పెరగాలే గానీ తగ్గకూడదు.

గన్‌ట్సావ్ మన అతిమధురమే. అందులోని గ్లైసిరైజిన్ కిడ్నీలో కార్టిసాల్ అనే హార్మోనును విరిచే ఎంజైమును అడ్డుకుంటుంది. మిగిలిన కార్టిసాల్ ఆల్డోస్టిరాన్ అనే మరో హార్మోనులా ప్రవర్తించి ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది, పొటాషియాన్ని బయటికి తోస్తుంది. గొంతు కోసం రోజూ అతిమధురం నమిలే బీపీ రోగులు మనలోనూ తక్కువేం కాదు. ఆపిన రెండు వారాలకు పొటాషియం 4.1కి వచ్చింది.

గుండె వైఫల్యానికి వాడే ఛీలీ ఛియాంగ్‌షిన్ అనే చైనా మూలికల క్యాప్సూల్ గురించి కూడా అడిగాను. 3,110 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2024లో అచ్చయ్యాయి, మంచి ఫలితాలే. కానీ వాళ్లంతా పంపింగు 40 శాతానికి మించనివాళ్లు, అదీ మామూలు గుండె మందులు వాడుతూనే. నా కేసు అది కాదు.

పద్నాలుగు నెలలకు గోడ 11 మిల్లీమీటర్లకు తగ్గింది. కషాయం నాలుగో నెలలోనే ఆపేశాను కాబట్టి ఆ లెక్క మాత్రలకూ తగ్గించిన ఉప్పుకూ రాస్తాను. నిద్ర మాత్రం కషాయం చలవే. ఉదయం మాత్రకు ముందు ఐదు నిమిషాలు కూర్చుని, నిమిషం ఎడంతో రెండు రీడింగులు ఇప్పటికీ రాసుకుంటున్నాను.