మబ్బు, పొద, నీడ

1997 వేసవిలో మా మామ మద్రాసు నుంచి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తూ బర్మా బజార్‌లో కొన్న టీవీ గేమ్ తెచ్చాడు. రెండు రిమోట్లు, ఒక అడాప్టర్, పసుప్పచ్చ క్యాసెట్ ఒకటి. కావలిలో మా ఇంట్లో అప్పటికి ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఛానల్ దొరికేదాకా ట్యూనింగ్ చక్రం తిప్పడానికే మధ్యాహ్నమంతా పట్టింది. బొమ్మ పడగానే నేనూ తమ్ముడూ అరిచిన అరుపుకి, వసారాలో మామిడి ముక్కలు ఆరబెడుతున్న జేజమ్మ ఏమైందోనని లోపలికి పరిగెత్తుకొచ్చింది.

నా ఆటలన్నీ ఆ రంగుల్లేని టీవీతోనే మొదలయ్యాయి. వాటిని నేను ఇంతగా ప్రేమించడానికి కారణం కూడా ఆ టీవీయేనని నా నమ్మకం.

మొదట ఆడింది మారియో. ఆకాశంలో మబ్బు, నేల మీద పొద. మూడో రోజో నాలుగో రోజో కనిపెట్టాను, రెండూ ఒకటే బొమ్మ! కలర్ టీవీ ఉన్నవాళ్లకు మబ్బు తెల్లగా, పొద పచ్చగా కనిపిస్తాయి కాబట్టి అనుమానం రాదు. మాకు మాత్రం ఆకారమే మిగిలింది. తమ్ముడు నమ్మలేదు. టీవీ అద్దం మీద పలచటి కాగితం పెట్టి మబ్బును పెన్సిల్‌తో గీసి, పొద వచ్చాక దాని మీద పెట్టి చూపించాను. మబ్బు పైభాగం సరిగ్గా సరిపోయింది. 1985లో వచ్చిన ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లేనని చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఇప్పుడు ఫోన్‌లో తీసే ఒక్క ఫోటో కూడా అంత చిన్నగా ఉండదు. అంత ఇరుకు చోట్లో ఆకాశాన్నీ నేలనీ ఒకే గీతతో గీశారు.

తర్వాత కాంట్రా. ఇద్దరూ కలిసి ఆడొచ్చు కాబట్టి మా ఇంట్లో గొడవలు తగ్గించిన ఆట అదే. అందులో ఇద్దరు సైనికులదీ ఒకటే బొమ్మ. ఒకడి ప్యాంటు నీలం, ఇంకొకడిది ఎరుపు. మా టీవీలో రెండూ బూడిద రంగే. నేనెవరో, వాడెవడో తెలిసేది కాదు. అందుకని ప్రతి లైఫ్ మొదట్లో ఇద్దరం ఒకరి తర్వాత ఒకరు ఎగిరి చూసుకునేవాళ్లం. "నేను ఎగిరా, చూశావా, అది నేను!" అని గట్టిగా చెప్పుకోవాలి. కాల్పులు మొదలయ్యాక అంతా మళ్లీ కలిసిపోయేది. ఎవడో చచ్చేవాడు. ఒక్క క్షణం ఇద్దరం ఊపిరి బిగబట్టి, పోయింది ఎవరా అని రిమోట్ నొక్కి చూసుకునేవాళ్లం.

మూడో లెవెల్‌లో జలపాతం వస్తుంది. మెట్టు మెట్టు ఎగురుతూ పైకి పోవాలి. ఒకరు తొందరపడి పైకి పోతే తెర కూడా పైకి జరిగిపోతుంది, కింద మిగిలినవాడు చచ్చిపోతాడు. శత్రువెవడూ కాల్చక్కర్లేదు. ఎన్నిసార్లో తమ్ముణ్ని నేను అలాగే చంపాను. ఒక సాయంత్రం వాడు రిమోట్ కింద పెట్టేసి, "నువ్వు ఒక్కదానివే ఆడుకో అక్కా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. మర్నాటి నుంచి ప్రతి మెట్టు మీదా ఆగి, "వచ్చావా?" అని అడిగి పైకెక్కేదాన్ని.

ఇక నా ప్రాణం లాంటి ఆట, ప్రిన్స్ ఆఫ్ పర్షియా.

2000లో పదో తరగతి పరీక్షలయ్యాక, ట్రంక్ రోడ్డులో మేడ మీదున్న ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. రోజుకు గంట ప్రాక్టికల్. చెప్పిన పని పూర్తయితే మిగిలిన టైములో ఆడుకోనిచ్చేవారు. గోడవారగా ఉన్న పాత మెషీన్‌లో ఈ ఆట ఉంది. యువరాణిని విడిపించడానికి ఆటలో మనకిచ్చేది 60 నిమిషాలు. నాకు దొరికేది పదిహేను, ఇరవై. మూడో లెవెల్‌కి చేరాక సేవ్ చేసుకోవచ్చు కాబట్టి బతికిపోయాను. ఇంటికొచ్చి గళ్ల నోటుబుక్కులో ప్రతి లెవెల్‌కూ మ్యాప్ గీసుకునేదాన్ని. ఊడిపడే రాళ్లు, ముళ్లు, తలుపు తెరిచే పలకలు, అన్నీ.

నాలుగో లెవెల్ చివర దారికి అడ్డంగా ఒక అద్దం వస్తుంది. పరిగెత్తి దూకితే అద్దంలోంచి బయటపడతాం. కానీ అవతలి వైపు నుంచి మన నీడ బయటికొచ్చి పారిపోతుంది. ఐదులో నేను తాగాల్సిన మందు ఆ నీడ నా కళ్ల ముందే తాగేసింది. ఆరులో నేను దూకే సమయానికి తలుపు మూసేసింది. దాని మీద ఎంత పగ పెంచుకున్నానో!

పన్నెండో లెవెల్‌లో అది కత్తితో ఎదురు నిలబడింది. ఒక్క దెబ్బ కొట్టాను. నా ప్రాణం ఒకటి తగ్గింది. ఇంకోటి కొట్టాను, ఇంకోటి తగ్గింది. నాలుగు రోజులు అక్కడే చచ్చాను. ఐదో రోజు ఒక్క ప్రాణం మిగిలింది, పారిపోదామని కింది బాణం నొక్కి కత్తి దించాను. అదీ దించింది. నాకు ఒళ్లు జలదరించింది. మెల్లగా దాని వైపు పరిగెత్తాను. అదీ నా వైపు వచ్చింది. ఇద్దరం ఒకటైపోయాం. "అయిపోయింది!" అని అరిస్తే ల్యాబ్‌లో టైపింగ్ మొత్తం ఆగిపోయింది. ఆ తర్వాత దారి లేని చోట గాల్లోకి అడుగేస్తే, అడుగడుక్కీ పాదం కింద పలకలు పుట్టుకొచ్చాయి.

ఆ నీడ పుట్టిన కథ పెద్దయ్యాక తెలిసింది. జోర్డాన్ మెక్నర్ ఈ ఆటను ఆపిల్ 2 కంప్యూటర్ కోసం రాశారు. 1989లో విడుదలైంది. యువరాజు అంత సహజంగా పరిగెత్తడానికి, దూకడానికి కారణం మెక్నర్ తమ్ముడు డేవిడ్. తెల్లబట్టలేసి పరిగెత్తించి, వీడియో తీసి, ఒక్కో ఫ్రేమూ చూసి గీశారు. అన్ని కదలికలకే మెమరీ నిండిపోయింది. శత్రువును గీయడానికి చోటు లేదు. అప్పుడు యువరాజు బొమ్మనే తీసుకుని, దాన్ని కాస్త పక్కకు జరిపి, దానితోనే కలగలిపితే, మిలమిలలాడే దయ్యం లాంటి రూపం వచ్చింది. కొత్తగా ఏమీ గీయక్కర్లేదు. అదే ఆ నీడ. ఇది చదివినప్పుడు నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. మబ్బు మీద పెట్టిన కాగితం గుర్తొచ్చింది, కాంట్రాలో "అది నేను!" అని అరిచే తమ్ముడు గుర్తొచ్చాడు. చోటు లేక ఒకే బొమ్మను రెండుగా వాడుకున్నారు, నిజమే. కానీ మెక్నర్ ఆ లోటునే కథ చేశారు. ఒకే బొమ్మ కాబట్టే దాన్ని కొడితే మనకు తగులుతుంది. అంతకన్నా గొప్ప ఆలోచన నేను ఏ ఆటలోనూ చూడలేదు.

ఆ తర్వాత చాలా ఆడాను. నోకియాలో పాము ఆట, హాస్టల్లో రోడ్ రాష్, పెళ్లయ్యాక మావారి లాప్‌టాప్‌లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. బాగున్నాయి, ఇష్టంగానే ఆడాను.

పోయిన సంక్రాంతికి అమ్మ అటక సర్దుతుంటే గళ్ల నోటుబుక్కు దొరికింది. మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. కంప్యూటర్‌లో అదే పాత ఆట పెట్టిచ్చాను. నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కో మ్యాపూ చూస్తూ పదకొండో లెవెల్ దాకా వచ్చాడు. "తర్వాత ఏందమ్మా?" అని పేజీ తిప్పబోయాడు. ఆ పేజీలో నీడ నిలబడే గడిలో, పెన్సిల్‌తో, "కత్తి దించు" అని రాసుకుని ఉంది.

దాని మీద చెయ్యి అడ్డం పెట్టాను.