రెండూ 5 వాట్లే

గత నెల కొత్త హ్యాండీ కొన్నాను. లైసెన్స్ తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునే హామ్ రేడియో వాళ్లం చేతిలో పట్టుకుని మాట్లాడే సెట్టుని హ్యాండీ అంటాం. యాయెసు కంపెనీది, ఎఫ్‌టీ5డీ. "పాతది 5 వాట్లు, ఇదీ 5 వాట్లే కదక్కా, మరి అంత డబ్బు పోసి ఎందుకు కొన్నావు?" అన్నాడు మా తమ్ముడు. ఫోన్లో వాడికి సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ విశాఖ మీద పడ్డ రోజు. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, సీతమ్మధారలో మా వీధి చెట్లన్నీ రోడ్డుకడ్డంగా పడి ఉన్నాయి. అమ్మ భీమిలిలో ఒక్కతే ఉంది. మూడో రోజు ఉదయం వెనక వీధి మేస్టారు గేటు తట్టి, కేలెండర్ కాగితం వెనక పెన్సిల్‌తో రాసిన మూడు ముక్కలు నా చేతికిచ్చారు. "అమ్మ క్షేమం. వంటింటి పెంకులు లేచిపోయాయి. బియ్యం ఉన్నాయి." భీమిలిలో ఇంకో హామ్ తన సెట్టులో చెబితే, ఈయన విని రాసుకొచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఆయన బడి మేస్టారు కారు. ఓడల్లో రేడియో ఆఫీసర్‌గా చేశారు. ఓడలు ఆపదలో ఉపగ్రహాల ద్వారా, దానంతటదే పనిచేసే రేడియోల ద్వారా సాయం అడిగే జీఎండీఎస్ఎస్ పద్ధతి 1999లో పూర్తిగా అమల్లోకి వచ్చాక ఓడల మీద ఆ ఉద్యోగమే అక్కర్లేకుండా పోయింది. వీధి పిల్లలకి చుక్కలూ గీతలతో మాట పంపే మోర్స్ నేర్పేవారు కాబట్టి అందరికీ మేస్టారయ్యారు. నా చేత పరీక్ష రాయించిందీ ఆయనే. హామ్ లైసెన్స్‌లో కింది మెట్టయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు. వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్, అంటే రేడియోలో నన్ను గుర్తుపట్టే పేరు, వచ్చిన రోజు మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో అందరికీ కాజాలు పంచాను.

మొదటి సెట్టు రెండు వేల చిల్లర పెట్టి కొన్న చైనాది. ఆరేళ్లు వాడాను. బెల్టు క్లిప్పు విరిగితే రబ్బరు బ్యాండు వేసి తిప్పాను. దాని మీద నాకు చులకన లేదు. 145.500 మెగాహెర్ట్జ్ మీద మొదటిసారి నా పేరు పిలిచి "గుడ్ మార్నింగ్" చెప్పిన గొంతు అందులోంచే విన్నాను.

తేడా ఎక్కడుందో పోయిన వేసవిలో తెలిసింది. పాత టీవీల ఫ్లాట్ వైరు ఉంటుంది కదా, 300 ఓమ్‌లది, దాన్ని ఒకటిన్నర మీటర్లు కోసి జే-పోల్ యాంటెన్నా చేశాను. చుట్టేస్తే జేబులో పడుతుంది. మేస్టారి డాబా మీద వెదురు కర్రకి కట్టాం. అనకాపల్లి నుంచి ఒకాయన మాట్లాడుతున్నారు. సెట్టుతో వచ్చే రబ్బరు యాంటెన్నాతో గొంతు బొంగురుగానైనా వినిపిస్తోంది. దాన్ని తీసేసి నా జే-పోల్ తగిలించాను. గొంతు మాయమైపోయింది. మళ్లీ రబ్బరుది పెడితే వినిపిస్తుంది, పెద్దది పెడితే లేదు. నా సోల్డరింగే తప్పనుకుని కింద కూర్చుని జాయింట్లన్నీ వేలితో తడుముతున్నాను. మేస్టారు ఏమీ అనకుండా తన పాత యాయెసు హ్యాండీ ఎఫ్‌టీ-60కి అదే వైరు తగిలించారు. అనకాపల్లి ఆయన పక్కన కూర్చుని మాట్లాడినట్టు వచ్చారు.

మేస్టారు రెండు మేడల అవతల ఉన్న సెల్ టవర్ వైపు చెయ్యి చూపించారు. "నీ సెట్టుకి చెవుడు రాలేదమ్మాయ్. చుట్టూ సంతగోల. సంతలో నిలబెడితే దూరం నుంచి పిలిచినోడి మాట ఎలా వినిపిస్తాది?"

సంగతేమిటంటే, వాట్లు చెప్పేది సెట్టు ఎంత బలంగా పంపుతుందో, ఎంత బాగా వింటుందో కాదు. నా పాత సెట్టులో రిసీవరంతా ఒక్క చిప్‌లోనే ఉంది. దానికి ముందు ఉండాల్సిన వడపోత అంతంతమాత్రం. ఎఫ్ఎం స్టేషన్లూ టవర్లూ ఏది పంపితే అది నేరుగా లోపలికి వచ్చేస్తుంది. గట్టి సిగ్నల్ వచ్చి మీద కూర్చుంటే, మనకి కావలసిన సన్నటి సిగ్నల్ దాని కింద నలిగిపోతుంది. యాంటెన్నా ఎంత మంచిదైతే గోల అంత ఎక్కువ లోపలికొస్తుంది. ఎఫ్‌టీ-60 లాంటివి డబుల్ కన్వర్షన్ సూపర్‌హెట్. వచ్చిన సిగ్నల్ ఫ్రీక్వెన్సీని రెండు మెట్లు దింపి, ఒక్కో మెట్టు దగ్గర జల్లెడ పడతాయి. ముందు ముతక జల్లెడ, తర్వాత సన్నది. ఫిజిక్స్ పాఠంలో సూపర్‌హెట్ బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. దాని అవసరం మాత్రం ఆ డాబా మీదే నాకు అర్థమైంది.

2004లో వచ్చిన ఎఫ్‌టీ-60 ఇప్పుడు కొత్తది దొరకదు. అందుకే ఎఫ్‌టీ5డీ వైపు చూశాను. మేస్టారు అడ్డుపడ్డారు. "రంగుల తెర చూసి డబ్బు కట్టీకు. ఇన్ని బ్యాండ్లు వినే సెట్టుకి గుమ్మం కూడా పెద్దదే." అది నిజం. అందుకే ఇలాంటి సెట్లలో బయటి గోలని తగ్గించే అటెన్యుయేటర్ కూడా ఇస్తారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక స్నేహితుడి సెట్టు గంటసేపు అడిగి తీసుకుని, అదే డాబా మీద, అదే వైరుకి తగిలించి చూశాం. అనకాపల్లి వినిపించింది. అప్పుడే ఆర్డర్ పెట్టాను. కొనాలనుకునే వాళ్లకి నేను చెప్పేది కూడా ఇదే: మీ ఇంటి మీద, మీ వైరుతో విన్నాకే కొనండి. ఇంకో మాట. లైసెన్స్ లేకుండా ఇలాంటి సెట్టు వాడటం నేరం. ఆన్‌లైన్‌లో కొన్నంత మాత్రాన వాడొచ్చని కాదు.

ఇందులో నాకు బాగా నచ్చింది రెండు రిసీవర్లు ఉండటం. పాతదాంట్లోనూ రెండు ఫ్రీక్వెన్సీలు కనిపించేవి కానీ, అది ఒకదాని తర్వాత ఒకటి తొంగి చూసేది. ఒకచోట మాట నడుస్తుంటే రెండోచోట ఎవరు పిలిచినా తెలిసేది కాదు. తుఫాను రోజున అలా ఒక్క పిలుపు తప్పితే ఎంత నష్టమో ఆలోచిస్తేనే నాకు టెన్షన్. ఇప్పుడు రెండూ ఒకేసారి వింటున్నాను. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకుంటుందన్నారు. మన ఊరి వానకి అది చాలు. జీపీఎస్, బ్లూటూత్ రెండూ ఆన్‌లో పెడితే ఏ సెట్టుకైనా బ్యాటరీ త్వరగా దిగుతుంది, నేను పని లేనప్పుడు ఆపేస్తున్నాను.

పోయిన శనివారం భీమిలి వెళ్లాను. రాత్రి ఏడున్నరకి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా వెళ్తుందని ఫోన్ యాప్‌లో చూసి, అమ్మతో డాబా ఎక్కాను. కింది నుంచి హామ్‌లు పంపే చిన్న సందేశాల్ని అక్కడి సెట్టు తిరిగి కిందికి పంపే 145.825 మీద పెట్టాను. మొదట ఏమీ లేదు. తర్వాత ‘బ్రర్ర్’ అని చిన్న చప్పుడు. తెర మీద హెచ్‌ఎస్‌తో మొదలయ్యే కాల్‌సైన్ పడింది. అంటే థాయ్‌లాండ్. పక్కన బాణం గుర్తు సముద్రం వైపు తిరిగి ఉంది, దూరం సుమారు 1,900 కిలోమీటర్లు. అక్కడెవరో పంపిన నాలుగక్షరాలు పైనున్న స్టేషన్‌కి తగిలి అమ్మ డాబా మీద దిగాయి. వేలు వణికి తెర మీద వేరే మెనూ తెరుచుకుంది.

తర్వాత అసలు పరీక్ష. రబ్బరు యాంటెన్నాతో మేస్టారిని పిలిచాను, జవాబు లేదు. మధ్యలో కొండలున్నాయి, 5 వాట్లు 5 వాట్లే. దండేనికి ఊతమిచ్చే వెదురు గెడ తీసి, దానికి జే-పోల్ కట్టి అమ్మ చేతికిచ్చాను. "కాస్త ఎత్తుగా పట్టుకోమ్మా." రెండో పిలుపుకే మేస్టారి గొంతు వచ్చింది. "ఫైవ్ సెవెన్ అమ్మాయ్, బాగా వినిపిస్తున్నావ్. అమ్మగారు కులాసాయేనా?"

అమ్మ గెడ దించకుండానే అడిగింది. "నేనూ మాట్లాడొచ్చా?"

"లైసెన్స్ ఉండాలమ్మా. పరీక్ష రాయాలి."

"దానికి వయసు ఎంత ఉండాలి?"

"పన్నెండేళ్లు నిండితే చాలు."

"నాకు అరవై ఏడు నిండాయి కదా."

ఆదివారం పుస్తకం తెచ్చిచ్చాను. నిన్న ఫోన్ చేస్తే ఓమ్ నియమం దగ్గర ఉన్నానంది.