పిల్లల వార్డులో ఒక బుధవారం

డిసెంబరు, బుధవారం.

పొద్దున ఏడున్నరకి వరంగల్‌లో ఇంకా మంచు విడలేదు. వార్డులో మంచాలన్నీ నిండే ఉన్నాయి. చలి ముదిరితే ఇంతే: నిమ్ము (న్యుమోనియా), ఆయాసం, పిల్లికూతలు. పరకాల నుంచి వచ్చినా, ములుగు నుంచి వచ్చినా తల్లులు చెప్పే మాట ఒకటే, "డొక్కలెగరేస్తుండు సార్".

కేస్ షీట్‌లో బరువు, జ్వరం, టీకాలు రాసుకునేటప్పుడే ఇంట్లో పొగ సంగతీ రాసుకోవాలి. అడిగే తీరులోనే సగం పనుంది. "నువ్వు బీడీ తాగుతవా?" అని భార్య ముందు, అత్త ముందు అడిగితే "లేదు సార్" అనే వస్తుంది. "ఇంట్ల బీడీ, సిగరెట్, చుట్ట ఎవరెవరికి అలవాటుందమ్మా?" అని టీకాల గురించి అడిగినంత మామూలుగా అడిగితే తల్లే చెప్తుంది: ఈయన, మా మామ. తర్వాత తండ్రిని వరండాలోకి పిలిచి, ఒక్కడితోనే మాట్లాడాలి. పిల్లకు సూది పెట్టేటప్పుడు మాత్రం ఆ మాట ఎత్తొద్దు, చెవికెక్కదు.

"నీ బీడీతోనే నిమ్ము చేసింది" అనడం తప్పు. ఒక్క పిల్లకు ఒక్కసారి వచ్చిన నిమ్ముకి కారణం అదొక్కటే అని ఎవరూ చెప్పలేరు. క్రిమి ఉంటుంది, కట్టెల పొయ్యి ఉంటుంది, వేయించని టీకా ఉంటుంది. పొగ చేసే పని వేరు: పిల్లల సన్నటి ఊపిరి గొట్టాల లోపలి పొరను వాచేలా చేస్తుంది, కళ్లెను పైకి తోసే నూగును మందగింపజేస్తుంది. అందుకే అలాంటి ఇంట్లో పిల్లలకు నిమ్ము, ఆయాసం, చెవిపోటు ఎక్కువ వస్తాయి. ఈ మాట నింద లేకుండా చెప్తే తండ్రి వింటాడు. నింద మోపితే గేటు బయటికి పోయి రెండు బీడీలు ఎక్కువే తాగుతాడు.

పదింటికి ఒక చద్దరు కనబడింది. తండ్రి దాన్ని కప్పుకొని చాయ్ బండి దగ్గరికి పోయాడు, బీడీ తాగాడు, పిల్లాడికి చలి పెడుతుందని వచ్చీ రాగానే అదే చద్దరు తీసి వాడి మెడ దాకా కప్పాడు. ఆ చేతిలో ప్రేమే ఉంది. కానీ పొగలోని నికోటిన్, మరికొన్ని విషాలు ఉన్నికీ జుట్టుకీ వేళ్లకీ అంటుకొని ఉంటాయి. పసిపిల్లలు గుడ్డ నోట్లో పెట్టుకుంటారు, ముఖం దాంట్లో దాచుకుంటారు. కిటికీ తెరిస్తేనో ఫ్యాన్ వేస్తేనో ఈ మరక పోదు. మానేదాకా కనీసం ఇది చెయ్యమంటాం: తాగేటప్పుడు వేసుకునే అంగీ వేరుగా ఉంచుకోవాలి, లోపలికొచ్చే ముందు అది మార్చుకొని, సబ్బుతో చేతులు, ముఖం కడుక్కొని, నోరు పుక్కిలించాలి. ఇది తాత్కాలికమే అని కూడా చెప్పాలి. లేకపోతే "బయట తాగుతున్న కదా" అన్న తృప్తితో ఆగిపోతారు.

ఇవ్వాళ అందరికీ చెప్పిన ముఖ్యమైన మాట వేరే ఉంది. వార్డులో రాత్రంతా కూర్చున్న తండ్రి అప్పటికే ఆరేడు గంటలు తాగకుండా ఉన్నాడు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, కాళ్లు ఒకచోట నిలవకపోవడం పిల్లాడి మీద దిగులే అనుకుంటాడు. అందులో సగం నికోటిన్ గుంజుడు, అంటే అలవాటుపడ్డ ఒళ్లు దాన్ని అడగడం. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటల్లోనే సగానికి పడిపోతుంది. మానిన రెండో రోజు, మూడో రోజు గుంజుడు అన్నిటికన్నా ఎక్కువ ఉంటుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. నిమ్ముకి వచ్చిన పిల్లలు వార్డులో ఎట్లాగూ మూడు నాలుగు రోజులుంటారు. ఆ కష్టమైన రోజులు ఇక్కడే, మనుషుల మధ్య దాటించొచ్చు. ఇంటికి పోయాక మొదలుపెడతానన్నవాళ్లలో చాలామంది మొదలుపెట్టరు.

అందుకే నికోటిన్ గమ్, అంటే బీడీ లేకుండానే కొంచెం నికోటిన్ అందించి గుంజుడు తగ్గించే నమిలే మందు, ఇవ్వాళే నోట్లో పడాలి. రెండు ప్రశ్నలు చాలు: రోజుకెన్ని, లేచిన ఎంతసేపటికి మొదటిది? లేచిన అరగంటలోపే ముట్టించేవాడికి 4 మిల్లీగ్రాములది కావాలి, దానికి డాక్టర్ చీటీ ఉండాలి. మిగతావాళ్లకి 2 మిల్లీగ్రాములది. బీడీ చిన్నదని తక్కువ లెక్కేయొద్దు. తునికాకు సరిగ్గా అంటుకోదు, ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాల్సి వస్తుంది.

గమ్ పనిచెయ్యలేదన్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని మామూలు చూయింగ్ గమ్ లాగే నమిలేవాళ్లు. అట్లా నమిలితే రసం కడుపులోకి పోతుంది, వెక్కిళ్లు, వికారం, గొంతులో మంట వస్తాయి. ఎట్లా వాడాలో ఎదురుగా కూర్చోబెట్టి చూపించాలి: నెమ్మదిగా కొన్నిసార్లు నమలాలి, మిరియం లాంటి ఘాటు తగలగానే ఆపి, చెంపకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమిలి, ఈసారి రెండో వైపు పెట్టుకోవాలి. ఇట్లా అరగంట. ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపు చాయ్, సోడా వద్దు. అవి తాగితే నోరు నికోటిన్‌ను పీల్చుకోదు. మన దగ్గర తప్పేది ఇక్కడే, చాయ్ గ్లాసు పట్టుకొనే గమ్ వేసుకుంటారు.

రెండో తప్పు, తక్కువ వాడటం. మొదటి ఆరు వారాలు గంటకో, రెండు గంటలకో ఒకటి. అంటే పది గమ్ముల స్ట్రిప్పు ఒక్క రోజుకే. దాన్నే వారం దాచుకుంటే ఏ మందైనా ఓడిపోతుంది. స్ట్రిప్పు ధర బీడీ కట్ట కన్నా ఎక్కువే, ఇది దాచకుండా ముందే చెప్పాలి. ఏడో వారం నుంచి రెండు నుంచి నాలుగు గంటలకొకటి, పదో వారం నుంచి నాలుగు నుంచి ఎనిమిది గంటలకొకటి, పన్నెండు వారాలకి ఆపెయ్యాలి. రోజుకి 24 దాటొద్దు. ఈ మధ్య గుండెపోటు వచ్చినవాళ్లకి, గర్భిణులకి డాక్టర్‌ను అడగకుండా ఇవ్వకూడదు. పళ్లు లేని తాతలకి చప్పరించే బిళ్లలు నయం. వాడేసిన గమ్‌లోనూ నికోటిన్ మిగిలి ఉంటుంది, కాగితంలో చుట్టి పిల్లలకు అందని చోట పారెయ్యాలి.

బీడీ మానాక చాయ్‌లోని కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. రోజుకి ఆరు చాయ్‌లు తాగేవాడు మూడుకి దిగకపోతే గుండె దడ, నిద్రలేమి రావొచ్చు, తప్పు గమ్ మీదికి పోతుంది.

మధ్యాహ్నం కరీంనగర్ వైపు నుంచి బీడీలు చేసే ఇంటి తల్లి ఒకామె వచ్చింది. ఇంట్లో పని చేసేటప్పుడు ఒడిలో చాట, పక్కనే బిడ్డ. ఆమెది తాగుడు కాదు, కూలి, అదీ వెయ్యి బీడీల లెక్కన. మానెయ్యమనే హక్కు ఎవరికీ లేదు. చెప్పగలిగింది: తంబాకు మూత ఉన్న డబ్బాలో పెట్టు, బిడ్డ పడుకునే గదిలో చాట వద్దు, పాలిచ్చే ముందు సబ్బుతో చేతులు కడుగు, చీర కొంగు దులపకుండా తడిగుడ్డతో తుడువు.

అమెరికాలో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పిల్లల వైద్యులు ఈ పనిని మూడు మాటల్లో పెట్టుకున్నారు: అడగాలి, సాయం చెయ్యాలి, తర్వాత చూసుకునేవాళ్లకి అప్పగించాలి. మూడోదే ఎక్కువగా జారిపోతుంది. మన దగ్గర అప్పగించేది జాతీయ క్విట్‌లైన్‌కి, అంటే పొగాకు మానడానికి ఫోన్‌లో సాయం చేసేవాళ్లకి: 1800-11-2356, ఫోన్‌కి డబ్బులు పడవు. ఈ నంబరు 2018 నుంచి పొగాకు ప్యాకెట్ల మీద అచ్చవుతోంది. కాగితం మీద రాసిస్తే అంగీ జేబులోనే చినిగిపోతుంది, తండ్రి ఫోన్ నుంచే అక్కడికక్కడ కలిపించాలి. డిశ్చార్జి కార్డులో ఆయాసం మందుల కిందే గమ్ మోతాదు రాయాలి.

ఇంటికి పోయాక మూడో రోజు, ఏడో రోజు, నెలకి ఫోన్ చెయ్యాలి. "మళ్లీ తాగిన సార్" అంటే తిట్టకుండా ఎక్కడ, ఎవరితో, ఏం పనిలో ఉండగా అని అడగాలి. కల్లు మండువ దగ్గరో, పెళ్లి బరాత్‌లోనో అయ్యుంటుంది. ఆ చోటికి పోయే ముందే గమ్ వేసుకొమ్మని చెప్పాలి. "నోట్ల ఏమన్న ఏసుకుంటున్నవా?" అని కూడా అడగాలి, బీడీ వదిలి అంబర్‌కి (నోట్లో వేసుకునే పొగాకు) మళ్లేవాళ్లున్నారు.

రేపు గురువారం. సోమవారం డిశ్చార్జైన పాప తండ్రికి మూడో రోజు. పత్తి తీసుకొని ఎనుమాముల మార్కెట్‌కి వస్తానన్నాడు. కాంటా వరుసలో గంటల తరబడి నిలబడాలి, పక్కవాడు కట్ట తీసి ముందుకు చాపుతాడు. ఎనిమిదిలోపే ఫోన్ చెయ్యాలి.