ఇంజినీర్ల దినోత్సవం, మురుగు కాలువ

సెప్టెంబర్ 15, ఇంజినీర్ విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు. రాత్రంతా వాన.

పొద్దున మా గ్రామ సచివాలయంలో ఆయన ఫొటోకి దండ వేశాం. ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ని నేనే కాబట్టి రెండు ముక్కలు మాట్లాడమన్నారు. కృష్ణరాజసాగర్ ఆనకట్ట, పుణే దగ్గర ఖడక్‌వాస్లా డ్యామ్‌కి ఆటోమేటిక్ గేట్లు, 1955లో భారతరత్న... ఎవరైనా చెప్పేవే చెప్పాను. ఆయన పూర్వీకులది మన ప్రకాశం వైపు మోక్షగుండం అనగానే అందరి మొహాలూ వెలిగాయి. మనవాడైతే చాలు మనకి!

స్వీట్లు పంచుతుంటే ఒక కౌలు రైతు వచ్చారు. మా నాన్న వయసు ఉంటుంది. చేలో నీళ్లు నిలిచిపోయాయట, పిలకలు వేసే దశలో స్వర్ణ రకం వరి మొత్తం మునిగిందట. ఫొటో వైపు చూసి, "ఈయనేం కట్టారండి?" అన్నారు. ఆనకట్టలన్నాను. "అదేనండి, నీళ్లు తెచ్చినోళ్లకే దండలండి. తీసేవోళ్లకి ఎవరేస్తారండి, ఆయ్!" అని నవ్వారు. కడుపు మండి ఉన్నా ఈ గోదారోళ్ల వెటకారం మాత్రం తగ్గదు.

నిజానికి ఆ దండ నీళ్లు తీసేవాళ్లకి కూడా చెందుతుంది. 1906లో విశ్వేశ్వరయ్య గారు యెమెన్‌లోని ఏడెన్ వెళ్లి మంచినీళ్లతోపాటు మురుగు పోయే దారికీ ప్లాన్ వేశారు. 1908లో మూసీ వరదకి హైదరాబాద్ కొట్టుకుపోయాక నిజాం ప్రభుత్వం పిలిస్తే, ఎంత వాన పడింది, ఎగువ చెరువులు ఎలా తెగాయి అన్న లెక్కలు తీసి, రిజర్వాయర్లు కట్టాలన్నారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. ఆ ఊరికి భూగర్భ డ్రైనేజీ పథకం వేసింది కూడా ఆయనే. ఉపన్యాసాల్లో ఈ సంగతి రాదు. పొద్దున నా ఉపన్యాసంలోనూ రాలేదు. డ్యామ్ ముందు నిలబడి ఫొటో దిగుతారు గానీ మురుగు గొట్టం ముందు ఎవరు దిగుతారు?

మా కోనసీమకి నీళ్లు రావడం 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పుడే కుదిరింది. పోవడమే ఇంకా కుదరలేదు. నేల బల్లపరుపు, వాలు లేదు. డ్రెయిన్ల నిండా పూడిక, దాని మీద గుర్రపుడెక్క. వాన తెరిపిచ్చినా సముద్రం పోటు మీద ఉంటే నీళ్లు లాగవు, ఒక్కోసారి వెనక్కి తంతాయి. 2011లో ఇక్కడి రైతులు క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు మద్దతు ధర, కూలి ఖర్చులతోపాటు ఈ మురుగు గోల కూడా ఉంది. అప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. చేలు ఖాళీగా వదిలేస్తారా అని ఆశ్చర్యపోవడం గుర్తుంది.

మధ్యాహ్నం ఆ రైతుతో కలిసి డ్రెయిన్ గట్టు మీదికి వెళ్లాను. ఎగువన ఎవరో చేపల కోసం అడ్డంగా వలకట్టు కట్టారు, దానికి గుర్రపుడెక్క పట్టుకుని చాపలా పరుచుకుంది. ఫొటోలు తీసి, చూడాల్సిన ఆఫీసుకి పంపి ఫోన్ చేశాను. ఎస్టిమేట్ పైకి వెళ్లిందన్నారు. ఎప్పుడు అంటే, పైకి అన్నారు. ఒళ్లు మండింది. పంచాయతీ పరిధిలో వలకట్టు తీయించడం మా చేతిలో పనే కాబట్టి సెక్రటరీ గారికి చెప్పాను. సాయంత్రానికి తీసేశారు.

గుర్రపుడెక్క మాత్రం రైతులే తీసుకుంటారట. ఎకరానికింత అని చందా వేసుకుని జేసీబీ మాట్లాడారు. రేపు పొద్దున ఆరింటికి వస్తుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి తీయాలో గుర్తులు పెట్టాలి, లేకపోతే డ్రైవర్ గట్టు కూడా గీకేస్తాడు. టేపు, సున్నం బ్యాగులో పెట్టాను. గొడుగే కనబడటం లేదు.